అప్‌డేట్: మొక్కలు ఎండిపోయాయని బిల్లులో కోత

నాటిన మొక్కలు ఎండిపోయాయని కూలీల బిల్లులో కోత పడితే, తప్పు కూలీలదా, నారుదా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. మీరు సలహా ఇచ్చినట్టే చచ్చిన మొక్కలను పీకకుండా పక్కనుంచి తవ్వించి వేర్లు చూశాం. చాలావాటికి తల్లివేరు గుంత అడుగున కొక్కెంలా వంగి ఉంది. లోతు చాలక వేరును కుక్కేశారన్నమాట. మొక్కకింత అని కూలి కడితే గుంత లోతు తగ్గక ఏం చేస్తుంది! కొన్నింటికి పాలిథిన్ సంచి కూడా తీయలేదు. మిగతావాటికి వేరు నిటారుగానే ఉంది గానీ, మట్టి సరిగా తొక్కకపోవడంతో చుట్టూ గాలి చేరింది.

బతికిన మొక్కలను లెక్కించే పద్ధతీ మార్చాం. 3.99 మీటర్ల తాడు ఒక కొసను కదలకుండా పట్టుకుని రెండో కొసను చుట్టూ తిప్పితే వచ్చే వలయం 50 చదరపు మీటర్లు. అందులో బతికినవాటిని 200తో గుణిస్తే హెక్టారు లెక్క. ఇలాంటి వలయాలు చెదురుగా వేసి సగటు తీయాలి. నాటిన వెంటనే ఇలా లెక్కించి ఇరువైపులా సంతకాలు చేయాలని కొత్త ఒప్పందంలో రాయించాం. తర్వాత పశువులు మేసినా, వాన మొహం చాటేసినా ఆ నష్టం కూలీల నెత్తిన పడదు.