పులికాట్‌లో చిన్న పడవ మీద గాలం వేయాలని ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది చంద్రగిరి దగ్గర పల్లె, ఉండేది తిరుపతిలో. చిన్నప్పటి నుంచి చెరువుల్లో గాలం వేయడమే తెలుసు, ఉప్పునీళ్లలో ఎప్పుడూ వేయలేదు. ఈ జనవరిలో నాన్నను తీసుకుని పులికాట్‌కు వెళ్దామనుకుంటున్నా. తడలో తెలిసినాయన తన చిన్న ఫైబర్ పడవ ఇస్తానన్నాడు. కానీ ఆయన మాతో రాలేడు, అదే టెన్షన్.

సరస్సులో లోతు తక్కువ కాబట్టి మునుగుతామన్న భయం కంటే, పడవ బురదలో ఇరుక్కుంటుందన్న భయమే ఎక్కువ. గెడకర్రతో నెట్టుకోవడమే మేలా, చిన్న మోటారు పనికొస్తుందా? ఈశాన్య గాలి పొద్దున ఎన్నింటికి పెరుగుతుంది? పొగమంచులో ఒడ్డు కనపడకపోతే ఏది గుర్తు పెట్టుకోవాలి? నాన్నకు 67 ఏళ్లు. ఈత వచ్చు, అయినా లైఫ్ జాకెట్లు కొంటున్నాను.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. అక్కడి జాలర్లకు పాడు అనే కట్టుబాటు ఉంది. ఎవరు ఎప్పుడు ఎక్కడ వల వేయాలో వంతులవారీగా వాళ్లే నిర్ణయించుకుంటారు. మేము సరదాకు వెళ్లి వాళ్ల బతుకుతెరువుకు అడ్డం పడకూడదు. ముందుగా ఎవరిని అడగాలి, ఊరి పెద్దలనా? పైగా అది పక్షుల అభయారణ్యం, శీతాకాలం ఫ్లెమింగోలు దిగే కాలం. అటవీ శాఖ పడవలను ఎక్కడిదాకా రానిస్తుంది?

ఒక్క పండుగప్ప పడినా నాన్న సంతోషానికి అంతుండదు. దానికి బతికున్న రొయ్య ఎర వేస్తే సరిపోతుందా? సూళ్లూరుపేట, తడ వైపు అన్నలెవరైనా ఉంటే దయచేసి చెప్పండి.