ఫోర్ వీల్ డ్రైవ్ బండికి టైర్లు మార్చాక గాలి ఎంత కొట్టించాలి?

ప్రశ్న:
మిత్రులకు నమస్కారం. నా ఫోర్ వీల్ డ్రైవ్ బండితో వచ్చిన టైర్లు అరిగిపోవడంతో అదే సైజులో ఆల్ టెర్రైన్ (అన్ని రకాల దారులకూ పనికొచ్చే) రకం ఎల్‌టీ టైర్లు, అంటే లైట్ ట్రక్ టైర్లు, వేయించాను. డ్రైవర్ తలుపు తెరిస్తే కనిపించే స్టిక్కర్ మీద 33 పీఎస్ఐ (గాలి పీడనానికి కొలత) అని ఉంది. టైర్లు బిగించినవారు మాత్రం టైరు పక్కభాగం మీద ముద్రించిన అంకె చూసి 45 కొట్టి పంపారు. అప్పటినుంచి చిన్న గతుకు తగిలినా బండి ఎగిరిపడుతోంది. టైరును చేత్తో తడిమితే నడిమి భాగం అంచులకంటే ఎక్కువ అరిగినట్టు తెలుస్తోంది. త్వరలో ఇసుక దారిలో కూడా వెళ్లవలసి ఉంది. ఏ అంకెను నమ్మాలో దయచేసి చెప్పగలరు.

జవాబు 1:
టైరు మీది అంకెను వెంటనే పక్కన పెట్టండి. ఆ టైరు తన గరిష్ఠ బరువును మోయడానికి సంబంధించిన అంకె అది. మీ బండి బరువు ఎంతో దానికి తెలియదు. స్టిక్కర్ మీది అంకె మీ బండి బరువును లెక్కలోకి తీసుకుని ఇచ్చినది. అయితే అది చల్లని టైరుకు చెప్పిన అంకె, అంటే బండి కనీసం మూడు గంటలు కదలకుండా ఉన్నాక చూడవలసినది. నడిచి వేడెక్కిన టైరులో గాలి ఎక్కువ చూపిస్తోందని తీసేస్తే, మర్నాటి ఉదయానికి అది కావలసినదానికంటే తక్కువకు దిగిపోతుంది. కాబట్టి సొంత గేజి ఒకటి కొనుక్కుని, ఉదయం బయలుదేరే ముందే చూసుకోండి.

జవాబు 2:
పై మాటలన్నీ సరైనవే గాని, ఒక్క విషయం చేర్చాలి. స్టిక్కర్ మీది 33 బండితో వచ్చిన టైర్లకు వర్తిస్తుంది. ఎల్‌టీ టైరు అదే సైజులో ఉన్నా, అంతే బరువు మోయడానికి దానికి మరికొంత ఎక్కువ గాలి కావాలి. ఎంత ఎక్కువో టైరు తయారీదారు ఇచ్చే లోడు పట్టికలో ఉంటుంది. దాన్ని చూసి మొదలుపెట్టడమే మంచి పద్ధతి.

ఆ అంకె మీ బండికి సరిపోయిందో లేదో టైరే చెబుతుంది. గాలి తక్కువైతే ప్రతి చుట్టుకూ టైరు పక్కభాగం ఎక్కువగా వంగి లేస్తుంది, ఆ వంపు వల్ల వేడి పుడుతుంది, వేడికి లోపలి పీడనం పెరుగుతుంది. ఉదయం చల్లగా ఉన్నప్పటి అంకె రాసుకుని, మామూలు వేగంతో ఓ గంట నడిపి, ఆగిన వెంటనే మళ్లీ చూడండి. మామూలు కారు టైరులో 4 పీఎస్ఐ, ఎల్‌టీ టైరులో సుమారు 6 పెరగడం సబబు. అంతకు మించితే గాలి చాలలేదని, బాగా తక్కువ పెరిగితే ఎక్కువైందని అనుభవజ్ఞులు లెక్క వేసుకుంటారు. ఎటు తేలినా స్టిక్కర్ అంకెకంటే కిందికి మాత్రం దిగకండి. సుద్దముక్కతో టైరుకు అడ్డంగా లావుపాటి గీత గీసి, చదునైన గట్టి నేల మీద నాలుగు గజాలు తిన్నగా నడిపినా కొంత తెలుస్తుంది: నడుమ మాత్రమే సుద్ద చెరిగి అంచుల్లో మిగిలితే గాలి ఎక్కువ ఉన్నట్టే.

జవాబు 3:
ఇసుక సంగతి నేను చెబుతాను. అక్కడ 18 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టండి. గాలి తగ్గినప్పుడు టైరు నేలను తాకే భాగం వెడల్పుకంటే పొడవులో ఎక్కువ పెరుగుతుంది. బరువు ఆ పొడవంతా పంచుకోవడం వల్ల చక్రం ఇసుకను తవ్వుకుంటూ కూరుకుపోకుండా పైపైనే సాగుతుంది. చక్రం దిగబడితే ఆక్సిలరేటర్ తొక్కకండి, అది ఇంకా లోతుకు తవ్వుతుంది. మొదట చక్రాలకు ఎదురుగా ఉన్న ఇసుక తీసి, 15 వరకు దించి చూడండి. అంతకంటే తగ్గిస్తే, మలుపులో టైరు అంచు రిమ్ము నుంచి ఊడిపోయే ప్రమాదం ఉంది. వేగం తగ్గించండి, స్టీరింగ్‌ను ఒక్కసారిగా తిప్పకండి.

గాలి కొట్టే పంపు వెంట లేకుండా గాలి తీయవద్దని గట్టిగా చెబుతున్నాను. అంత తక్కువ గాలితో తారురోడ్డెక్కి వేగంగా వెళితే పక్కభాగం కాలిపోయేంత వేడెక్కి టైరు పేలిపోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. లోడు పట్టిక ప్రకారం నాలుగింటిలోనూ 38 పెట్టి గంటసేపు నడిపాను. ముందు టైర్లు రెండూ 43 చూపించాయి. వెనుక సామాను నింపి నడిపిన రోజు మాత్రం వెనుకవి 46కు చేరాయి, అంటే పెరుగుదల 8. సామాను ఉన్నప్పుడు వెనుక 41 పెట్టి మళ్లీ కొలిచి, ఆ అంకె ఇక్కడే రాస్తాను.