పాత గేర్‌బాక్స్ ఆయిల్ మార్చడమే తప్పా, మార్చిన తీరు తప్పా?

తొలిచేయి:
నా కారు 1,40,000 కిలోమీటర్లు తిరిగింది. ఆరు గేర్ల ఆటోమేటిక్. గేర్‌బాక్స్ ఆయిల్ ఇంతవరకు ఎవరూ మార్చలేదు. పోయిన ఆదివారం నేనే పాన్ (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పి, ఫిల్టర్, గాస్కెట్ మార్చి, కారుతో వచ్చిన పుస్తకంలో చెప్పిన రకం ఆయిలే పోశాను. అప్పటినుంచి తంటా మొదలైంది. ఉదయం చల్లగా ఉన్నప్పుడు డి లో పెడితే బండి రెండు మూడు సెకన్లు ఆలోచించి గానీ కదలదు. రెండు నుంచి మూడుకు మారేటప్పుడు ఇంజన్ ఒక్కసారి పైకి అరుస్తుంది, ఆ తర్వాత కుదుపుతో గేరు పడుతుంది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ తుమ్మెద రొదలాంటి చప్పుడు. హెచ్చరిక దీపం వెలగలేదు. పాత ఆయిల్ డబ్బాలోనే ఉంది, దాన్నే తిరిగి పోసేయమని మిత్రుడు అంటున్నాడు. పోయమంటారా?

పాత రెంచి:
లక్ష దాటేదాకా ముట్టుకోని ఆయిల్‌ను ఆ తర్వాతా ముట్టుకోకూడదు. ఈ మాట చెబితే ఇక్కడ చాలామందికి కోపం వస్తుందని తెలుసు. అరిగిన క్లచ్ ప్లేట్ల పొడి ఆ ఆయిల్‌లోనే తిరుగుతూ ఉంటుంది, జారకుండా ఆ పొడే కాస్త పట్టునిస్తుంది. దాన్ని తీసేసి కొత్త ఆయిల్ పోస్తే మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టే. ఇలా వచ్చిన బళ్లు నా చేతిమీదుగా చాలానే వెళ్లాయి.

కొలతగొట్టం:
తాటిపండు సంగతి మీరే ఎత్తారు కాబట్టి: కాకి వాలింది, పండు రాలింది, అంతమాత్రాన కాకి రాల్చినట్టు కాదు. లక్ష దాటాక హఠాత్తుగా ఆయిల్ మార్చాలనే బుద్ధి ఎప్పుడు పుడుతుంది? గేర్లు కాస్త జారడం మొదలయ్యాకే. అప్పుడు మార్చి, నెలలో బాక్స్ పోతే నింద కొత్త ఆయిల్‌ది. పైగా పాన్ విప్పితే దిగేది మొత్తం ఆయిల్‌లో సగానికి లోపే. మిగతాదాంట్లో చాలావరకు టార్క్ కన్వర్టర్‌లోనే (ఇంజన్ తిప్పుడును ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) ఉండిపోతుంది. మీ పొడి ఎక్కడికీ పోలేదు.

తొలిచేయి గారూ, మూడు ప్రశ్నలు. దిగిన ఆయిల్ కొలిచారా? మట్టం ఎలా చూశారు? పాత ఫిల్టర్ మెడకున్న రబ్బరు సీలు ఫిల్టర్‌తోపాటే బయటికి వచ్చిందా?

తొలిచేయి:
కొలవలేదు, కంటి అంచనాతో నాలుగు లీటర్లు పోశాను. దీనికి డిప్‌స్టిక్ లేదు, పాన్ అడుగున మట్టం బిరడా ఉంది, తీస్తే మట్టానికి మించిన ఆయిల్ కారిపోతుంది. ఒక గంట నడిపి, ఇంజన్ ఆపి బిరడా తీస్తే బుడబుడా చాలా కారింది. ఎక్కువైందనుకుని కారడం ఆగేదాకా వదిలేశాను. సీలు సంగతి నిజంగా గమనించలేదు.

కొలతగొట్టం:
దొరికింది. ఇంజన్ తిరుగుతున్నప్పుడు పంపు ఆయిల్‌ను లాగి కన్వర్టర్‌లోకి, వాల్వ్ బాడీలోకి (ఏ క్లచ్‌కు ఆయిల్ వెళ్లాలో మళ్లించే భాగం) పంపుతుంది. ఇంజన్ ఆపితే పైనున్న దాంట్లో కొంత పాన్‌లోకి దిగి మట్టం పెరుగుతుంది. మీరు వదిలేసింది ఎక్కువైన ఆయిల్ కాదు, ఉండాల్సిన ఆయిల్. దానికి తోడు గంట నడిపాక ఆయిల్ వేడికి వ్యాకోచించి ఉంటుంది. అలా రెండు వైపులా నష్టపోయారు.

ఇలాంటి బాక్సుల్లో ఇంజన్ తిరుగుతుండగానే చూడాలి. బండి సమతలంగా ఉండాలి. బ్రేకు తొక్కి గేరు లీవర్‌ను అన్ని స్థానాల్లో కొన్ని సెకన్లు ఉంచి పి కి తేవాలి. ఆయిల్ వేడి మీ పుస్తకంలో ఇచ్చిన హద్దులో, చాలావాటిలో 40 డిగ్రీల అటూఇటూ, ఉన్నప్పుడు బిరడా తీయాలి. సన్నటి ధార వచ్చి చుక్కలుగా మారితే సరి. ఏమీ రాకపోతే వచ్చేదాకా పోయాలి. తక్కువైతే పంపు గాలి మింగుతుంది. ఆయిల్‌లా గాలి గట్టిగా నిలబడదు, నలిగిపోతుంది, దాంతో క్లచ్ బిగియడానికి ఒత్తిడి చాలదు. మీ ఆలస్యం, ఆ రొద రెండూ దానివే కావచ్చు. అలాగని తెగించి ఎక్కువ పోయకండి. తిరిగే చక్రాలు చిలికి నురుగు చేస్తే మళ్లీ ఇదే రోగం.

డబ్బాలోని పాత ఆయిల్‌ను మాత్రం పోయొద్దు.

కోడ్‌పాఠకుడు:
దీపం వెలగనంత మాత్రాన కంప్యూటర్ రాసుకున్న లోపం కోడ్ లేదని కాదు. స్కానర్ పెట్టి గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఖాయం కాని కోడ్‌లు కూడా చూడండి. పి0730 ఉంటే గేరు నిష్పత్తి తప్పుతోందని, అంటే జారుతోందని అర్థం. నా లెక్కలో తొలి పని కంప్యూటర్ నేర్చుకున్న పాత విలువలు చెరిపేయడం. క్లచ్ నిండడానికి ఎంత సమయం, ఎంత ఒత్తిడి కావాలో అది పాత ఆయిల్‌కు సర్దుకుని ఉంది.

కొలతగొట్టం:
చెరపడం తప్పు కాదు, కానీ తొలి పని కాదు. మట్టం సరిచేయకుండా చెరిపితే కంప్యూటర్ నురుగుకు అలవాటు పడుతుంది.

పాత రెంచి:
మట్టం విషయంలో వాదన లేదు. నేనడగాల్సింది వేరే ఉంది. పాన్‌లో ఏం కనిపించింది?

తొలిచేయి:
అయస్కాంతాల మీద కాటుకలా మెత్తటి బూడిదరంగు పూత. లోహపు ముక్కలు లేవు. అడుగున మాత్రం నల్లటి పొట్టులాంటిది, ఆయిల్ మాడు వాసన. ఇంకొకటి ఒప్పుకోవాలి. మార్చకముందు కూడా రెండు-మూడు మధ్య అప్పుడప్పుడు జారేది. అందుకే మార్చాను.

పాత రెంచి:
చూశారా. ఆ బూడిద పూత సహజం. నల్లపొట్టు, మాడు వాసన క్లచ్ ప్లేట్లవి. ఏ ఆయిల్ పోసినా వాటికి కొత్త ముఖం రాదు.

కొలతగొట్టం:
ఒప్పుకుంటాను. అయితే "మార్చడం వల్ల పాడైంది" అన్న మీ మొదటి మాటను మీ రెండో మాటే కొట్టేసింది. అది ముందే పాడై ఉంది.

తొలిచేయి:
నిన్న పాన్ మళ్లీ విప్పాను. ఫిల్టర్ మెడ కూర్చునే రంధ్రంలో పాత సీలు అలాగే అతుక్కుని ఉంది, దాని మీద కొత్త సీలుతో ఫిల్టర్ సగమే దిగి ఉంది. పంపు ఆ సందులోంచి కూడా గాలి మింగి ఉంటుంది. గట్టిపడిన సీలును గోడకు గీత పడకుండా చెక్కపుల్లతో తీయడానికి అరగంట పట్టింది. ఫిల్టర్ టప్పున కూర్చుంది. ఈసారి దిగినదాన్ని గుర్తులున్న డబ్బాలో కొలిచి అంతే పోసి, ఇంజన్ తిరుగుతుండగా 40 డిగ్రీల దగ్గర బిరడా తీశాను. చుక్క రాలేదు. ఇంకో లీటరుకు పైగా పట్టాక సన్నటి ధార వచ్చింది.

రొద పూర్తిగా పోయింది. ఈ ఉదయం డి లో పెట్టగానే బండి కదిలింది. రెండు నుంచి మూడుకు జారడం తగ్గింది గానీ పోలేదు, ఆయిల్ మార్చకముందు ఎంత ఉండేదో అంతే ఉంది.

పాత రెంచి:
ఇప్పుడు బాక్స్ విప్పేయకండి. పంపు ఇచ్చే ఆయిల్ ఒత్తిడి (లైన్ ప్రెషర్) చూసే రంధ్రం ఉంటుంది, దానికి గేజీ తగిలించి ఆయిల్ వేడెక్కాక చూడండి. ఒత్తిడి సరిగా ఉండి జారితే అనుమానం ఎక్కువగా ప్లేట్ల మీదే. ఒత్తిడే తక్కువైతే వాల్వ్ బాడీనో సోలనాయిడో (కరెంటుతో ఆయిల్ దారి తెరిచి మూసే వాల్వ్) పంపో, ప్లేట్ల జోలికి అప్పుడే వెళ్లక్కర్లేదు. అంకె ఇక్కడ రాయండి, అప్పుడు కొలతగొట్టంతో మళ్లీ తగవు పెట్టుకుంటాను.