షైర్‌కు తిరిగి వచ్చిన తరువాతి కథను సినిమా వదిలివేయడం సబబేనా?

తిరుపతి పాఠకుడు:

జె.ఆర్.ఆర్. టోల్కీన్ 1954, 1955 సంవత్సరాలలో మూడు సంపుటాలుగా వెలువరించిన 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' నవలను పీటర్ జాక్సన్ మూడు చిత్రాలుగా మలిచి, 2001 నుండి 2003 వరకు ఏటా ఒకటి చొప్పున విడుదల చేశారు. మూడవ చిత్రానికి 11 ఆస్కార్ పురస్కారాలు వచ్చాయి. ఆ చిత్రాల ప్రతిభ మీద నాకు పేచీ లేదు. నా అభ్యంతరమంతా ఒక్క అధ్యాయం గురించే. లోకాన్ని చెరపట్టగల దుష్ట ఉంగరం నాశనమై, యుద్ధం ముగిసి, నలుగురు హాబిట్లు (పొట్టి మనుషుల జాతివాళ్ళు) తమ సొంత ప్రాంతమైన షైర్ చేరేసరికి అక్కడ చెట్లు నరికివేసి ఉంటాయి, పాత మర పోయి పొగలు కక్కే కొత్త మర వెలిసి ఉంటుంది, ఊరివాళ్ళు దుండగుల చెప్పుచేతల్లో బతుకుతూ ఉంటారు. దీని వెనుక ఉన్నది ఓడిపోయిన మాంత్రికుడు సారుమాన్. తమకు అండగా నిలిచిన మాంత్రికుడు గండాల్ఫ్ సాయం లేకుండా హాబిట్లు తామే జనాన్ని కూడగట్టి బైవాటర్ అనే ఊరి దగ్గర పోరాడతారు; అందులో 19 మంది హాబిట్లు ప్రాణాలు కోల్పోతారు. సినిమాలో ఇది ఏదీ లేదు. వెళ్ళినప్పుడు షైర్ ఎంత పచ్చగా ఉందో, వచ్చినప్పుడూ అంతే పచ్చగా ఉంటుంది. నా దృష్టిలో ఇది కత్తిరింపు కాదు, కథ అర్థాన్నే మార్చడం.

చిత్తూరు ఉపాధ్యాయిని:

మీ బాధ నాకు అర్థమవుతోంది కానీ మీ తీర్పుతో ఏకీభవించలేను. మూడవ చిత్రం థియేటర్లలోనే మూడు గంటల ఇరవై నిమిషాలు దాటింది. ఉంగరం నాశనమయ్యే అగ్నిపర్వతం దగ్గర ఉత్కంఠ శిఖరానికి చేరిన తరువాత మరొక శత్రువును, మరొక పోరాటాన్ని మొదలుపెడితే ప్రేక్షకుడు తట్టుకోలేడు. పుస్తకాన్ని మూసిపెట్టి మరునాడు తెరవవచ్చు, థియేటర్‌లో కూర్చున్నవారికి ఆ వీలు లేదు కదా. పైగా జాక్సన్ ఆ భావాన్ని పూర్తిగా వదలలేదు. మొదటి చిత్రంలో ఎల్ఫ్ అనే దివ్యజాతి రాణి గలాడ్రియల్ చూపే మాయా అద్దంలో, ఆ నలుగురిలో ఉంగరం మోసే ఫ్రోడోకు షైర్ తగలబడుతున్నట్లు కనిపిస్తుంది. చివరి చిత్రంలో ఆ నలుగురూ ఊరి సత్రంలో బల్ల చుట్టూ కూర్చుంటే వాళ్ళు ఏం చేసివచ్చారో చుట్టూ ఉన్నవాళ్ళలో ఒక్కరికీ తెలియదు. ఏమీ మాట్లాడుకోకుండా వాళ్ళు గ్లాసులు ఎత్తి తాగే ఆ ఒక్క నిమిషంలో, ఇల్లు మారకపోయినా మనిషి మారిపోయాడని నాకు స్పష్టంగా తెలిసింది.

తిరుపతి పాఠకుడు:

మేడం, సత్రం దృశ్యం నాకూ ఇష్టమే. అయితే అది చెప్పేది నలుగురి ఒంటరితనం గురించి మాత్రమే. యుద్ధం ఎవరి ఇంటినీ వదలదన్న మాట అందులో లేదు. ఈ అధ్యాయం కథకు అవసరమైనదనీ, మొదటి నుండీ తన ఆలోచనలో ఉన్నదేననీ టోల్కీన్ రెండవ ముద్రణ ముందుమాటలో రాశారు. తాను పెరిగిన పల్లె పరిసరాలు తనకు పదేళ్ళు నిండకముందే పాడైపోయాయన్న వేదన కూడా అక్కడే చెప్పుకున్నారు.

అన్నిటికంటే నన్ను కలచివేసేది సారుమాన్‌తో చివరి ఘట్టం. ఫ్రోడో ఆ పోరులో కత్తి దూయడు. ఆయుధాలు పారవేసిన శత్రువులను కోపంలో ఉన్న తనవాళ్ళు చంపకుండా ఆపడమే అతని పని. సారుమాన్ పక్కనుంచి దాటిపోతూ హఠాత్తుగా ఫ్రోడోను కత్తితో పొడుస్తాడు, లోపలి మిత్రిల్ అనే గట్టి లోహపు కవచానికి తగిలి కత్తి విరుగుతుంది, ఫ్రోడో సహచరుడు సామ్ కత్తి దూసి మీదికి ఉరుకుతాడు. అప్పుడు కూడా ఫ్రోడో అతన్ని చంపవద్దనే అంటాడు. ఆ క్షమ తనను అప్పులపాలు చేసిందన్నట్లు సారుమాన్ కుమిలిపోతాడు. మూడవ చిత్రానికి నిడివి పెంచి తరువాత తెచ్చిన విస్తృత ప్రతిలో జాక్సన్ సారుమాన్ మరణాన్ని అతని గోపురం దగ్గరే ముగించారు, అక్కడ ఫ్రోడో లేడు. ఫ్రోడో ఎదిగిన ఎత్తును కొలిచే సన్నివేశమే పోయింది.

మన ప్రాంతంలో ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర జరిగే భారతం ఉత్సవాలు మీరు చూసే ఉంటారు. మైదానంలో మట్టితో చేసిన దుర్యోధనుడి భారీ ఆకారం చుట్టూ భీముడి వేషగాడు తిరిగి తొడ మీద గద వేయగానే జనం ఊగిపోతారు. ఉత్కంఠకు అంతకన్నా శిఖరం లేదు. అయినా ఎవరూ అక్కడితో చాలించరు. ద్రౌపది జుట్టు ముడివేసుకోవాలి, భక్తులు నిప్పులు తొక్కాలి, ధర్మరాజు పట్టాభిషేకం జరగాలి. ఇంత ఓపిక ఉన్న ప్రేక్షకులు శిఖరం తరువాత కథ వినలేరని నేను నమ్మను.

ఇక మాధ్యమం సంగతి. 1981లో బి.బి.సి. రేడియో ఈ నవలను 26 భాగాల నాటకంగా ప్రసారం చేసింది. దారిలో హాబిట్లకు తగిలే అడవి మనిషి టామ్ బాంబడిల్‌ను వాళ్ళూ వదిలేశారు, దానికి నేను బాధపడను, ఎందుకంటే అతను లేకున్నా కథ నడుస్తుంది. షైర్ పోరాటాన్ని మాత్రం ఉంచారు. ఏది తీయవచ్చో, ఏది తీయకూడదో వాళ్ళకు తెలిసింది.

చిత్తూరు ఉపాధ్యాయిని:

క్షమ ఘట్టం పోవడం నష్టమేనని ఒప్పుకుంటాను. కానీ భారతం ఉత్సవం రోజుల తరబడి జరుగుతుంది, రేడియో నాటకం వారానికొక భాగంగా వచ్చింది. ఒక్క బిగిన చూడవలసిన సినిమాకు ఆ కొలత వర్తించదు. ఎవరైనా ఈ నవలను సిరీస్‌గా తీస్తే మాత్రం, ఈ అధ్యాయాన్ని వదలకూడదన్న మీ మాటతో నేనూ గొంతు కలుపుతాను.