అమెరికా మద్యనిషేధం (1920–33): ఫెయిలయిందని అందరూ అంటారు, మీరేమంటారు?

పాతకాగితాలు:

అమెరికా మద్యనిషేధం మాట వస్తే చాలు, అందరూ ఒకటే పాట ఎత్తుకుంటారు. చట్టం చేశారు, జనం ఇంకా ఎక్కువ తాగారు, గూండాలు బాగుపడ్డారు, పదమూడేళ్లకి ఎత్తేశారు. ఈ నాలుగు ముక్కల్లో మూడు నిజమే. రెండోది తప్పు, తాగుడు తగ్గించడంలో ఆ చట్టానిది గెలుపే అని నా వాదన. కొట్టేవాళ్లు కొట్టండి, కానీ లెక్కతో కొట్టండి.

అసలు ఆ చట్టం ఎందుకొచ్చిందో ముందు చూడాలి. 1830 ప్రాంతంలో అక్కడ పదిహేనేళ్లు దాటినవాళ్ల సగటు ఏడాదికి మనిషికి దాదాపు 7 గ్యాలన్ల అచ్చ ఆల్కహాల్. ఇప్పటి వాడకానికి సుమారు మూడు రెట్లు. తర్వాత బాగా తగ్గింది, ఒప్పుకుంటా. కానీ 1900 నాటికి పట్టణాల్లో ఏ మూల చూసినా సెలూనే. మనకి సెలూన్ అంటే జుట్టుకి క్షవరం, అక్కడ జేబుకి. చాలావాటి వెనక పెట్టుబడి బీరు కంపెనీలదే. అయిదు సెంట్లకి ఒక గ్లాసు బీరు కొంటే తిండి ఉచితం. ఏం తిండి? ఉప్పుచేప, ఊరబెట్టిన దోసకాయ, ఉప్పు బిస్కెట్లు. తిన్నవాడు రెండో గ్లాసు అడక్క ఎక్కడికి పోతాడు? జీతం చెక్కు మార్చుకునేది కూడా ఆ కౌంటర్ దగ్గరే. మిగిలింది ఇంటికి.

1893లో ఒహాయోలో పుట్టిన సంఘం పేరు యాంటీ సెలూన్ లీగ్. పేరులోనే ఉంది, వాళ్ల పగ ఆ కొట్టు మీద. ఆ పాతరకం సెలూన్ 1920తో పోయింది, 1933లో మద్యం తిరిగొచ్చినా ఆ రూపంలో మాత్రం తిరిగి రాలేదు. తాగుడు సంగతికొస్తే, మిరాన్, జ్వీబెల్ అనే ఆర్థికవేత్తల అంచనా ప్రకారం మొదట్లో పాత వాడకంలో 30 శాతానికి పడిపోయి, తర్వాత 60–70 శాతం దాకా ఎగబాకింది. ఎగబాకినా పాత మట్టానికి చేరలేదు. "ఇంకా ఎక్కువ తాగారు" అన్నది ఎక్కడినుంచి వచ్చింది?

గుంటూరు ఘాటు:

మాస్టారూ, దొంగసరుకుని ఎవరు కొలిచారు? లెక్కలు లేని వ్యాపారానికి శాతాలు కట్టడం చీకట్లో చేపలు లెక్కపెట్టడమే.

పోనీ తగ్గిందే అనుకుందాం. ఏం ఖరీదుకి? చికాగోలో 1929 ఫిబ్రవరి 14న గ్యారేజీ గోడకి నిలబెట్టి ఏడుగుర్ని కాల్చేశారు. ఇంత జరిగినా, ఆ ఊరి దొంగమద్యం ముఠా నాయకుడు అల్ కపోన్‌ని లోపలేసింది ఇన్‌కంట్యాక్స్ ఎగవేత కేసులో, 1931లో, పదకొండేళ్లు. మద్యం చట్టంతో వాడి మీసం కూడా కదల్లేదు. దేశం మొత్తానికి మొదట్లో పెట్టిన ఏజెంట్లు దాదాపు 1500 మంది. అంత పొడవు సరిహద్దు, రెండు వైపులా సముద్రం, 1500 మంది! అమలు చేసే ఉద్దేశం లేనప్పుడు చట్టం ఎందుకు చేసినట్టు?

డెట్రాయిట్ బావ:

ఘాటు తమ్ముడు సరిహద్దు అన్నాడు కాబట్టి మా ఊరి సంగతి చెప్తా. డెట్రాయిట్ నది చాలాచోట్ల మైలు వెడల్పు కూడా ఉండదు. ఒడ్డున నిలబడితే అవతల కెనడా, విండ్సర్ ఊరి బిల్డింగులు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ విండ్సర్ ఉన్న ఒంటారియో రాష్ట్రంలో కూడా అప్పట్లో అమ్మకం మీద నిషేధం ఉండేది, 1927 దాకా. కానీ తయారుచేసి ఎగుమతి చేసుకోవచ్చు. దాంతో కాగితం మీద "క్యూబాకి" అని రాయించుకుని చిన్న పడవలో సరుకెక్కించేవాళ్లు. క్యూబాకి వెళ్లిన పడవ గంటలో తిరిగొచ్చి మళ్లీ క్యూబాకి బయల్దేరేది! చలికాలం నది గడ్డకడితే మంచు మీద కార్లే నడిపేవాళ్లు, కొన్ని మునిగాయి కూడా.

ఇంకో సంగతి. మొన్న ఇక్కడ ఒక పాతసామాన్ల షాపులో ఫ్రేము కట్టిన చీటీ చూశా. నోటు కాగితంలా సన్నటి డిజైను, మీద నంబరు, కింద డాక్టరు సంతకం. మందు పేరు: విస్కీ. మోతాదు: ఒక పింట్. అంటే అర లీటరుకి కాస్త తక్కువ. నిషేధం ఉన్నా అప్పట్లో పదిరోజులకి ఒక పింట్ చొప్పున డాక్టరు రాయొచ్చు, మందుల షాపు ఇవ్వొచ్చు. అంతా చట్టప్రకారమే.

ప్లీడరమ్మ:

చట్టం అన్నారు కాబట్టి నేనూ ఒక మాట. ఈ నిషేధం తెచ్చిన 18వ రాజ్యాంగ సవరణ 1919 జనవరి 16న ఆమోదం పొంది, ఏడాది తర్వాత అమల్లోకి వచ్చింది. అందులో నిషేధించింది తయారీ, అమ్మకం, రవాణా. తాగడం నేరం కాదు! ముందే కొని ఇంట్లో దాచుకున్నది నిక్షేపంగా తాగొచ్చు. ఆ ఏడాది గడువులో డబ్బున్నవాళ్లు నేలమాళిగలు నింపుకున్నారు. కూలివాడికి నేలమాళిగ ఎక్కడిది?

రెండోది, సవరణలో "మత్తు కలిగించే మద్యం" అని మాత్రమే ఉంది. బ్రాందీ, విస్కీలు పోతాయి, బీరు, వైన్ ఉంటాయి అనుకుని మద్దతిచ్చినవాళ్లు చాలామంది. తర్వాత వోల్‌స్టెడ్ చట్టం వచ్చి అర శాతం ఆల్కహాల్ దాటితే మద్యమే అంది. అధ్యక్షుడు విల్సన్ వీటో చేస్తే దాన్ని కూడా తోసేసి 1919 అక్టోబర్‌లో పాస్ చేశారు. పాతకాగితాలు గారూ, మీరు చెప్పే గెలుపంతా బీరుని వదిలేసినా వచ్చేదేమో. ఆ అర శాతం పంతమే కొంప ముంచింది.

శిక్షలు ఎవరి మీద పడ్డాయో కూడా చూడండి. బావగారి మిచిగన్‌లోనే, లాన్సింగ్ ఊళ్లో, 1928లో పదిమంది పిల్లల తల్లికి యావజ్జీవం వేశారు. ఆవిడ చేసింది రెండు పింట్ల సారా అమ్మడం. నాలుగో నేరం కాబట్టి రాష్ట్రచట్టం ప్రకారం అదే శిక్ష అన్నారు. గొడవయ్యాక తగ్గించారనుకోండి. మరోపక్క హార్డింగ్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు వైట్‌హౌస్ మేడ మీద పేకాట బల్ల పక్కన విస్కీ సీసాలుండేవని అక్కడికి వెళ్లిన ఆలిస్ రూజ్‌వెల్ట్, అంటే మాజీ అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్ కూతురు, స్వయంగా రాసింది.

కాలేయం డాక్టర్:

నా వాటా నేను చదువుతా. సిరోసిస్‌తో, అంటే కాలేయం గట్టిపడే జబ్బుతో, చనిపోయిన మగవాళ్లు 1911లో లక్షకి 29.5. 1929లో 10.7. ఇది దొంగసరుకు కొలత కాదు ఘాటు గారూ, చావుల రిజిస్టరు. లివర్‌కి సరుకు పర్మిట్‌తో వచ్చిందా పడవలో వచ్చిందా తెలీదు.

అయితే పాతకాగితాలు గారు కూడా చంకలు గుద్దుకోనక్కర్లేదు. ఆ తగ్గుదల 1920కి ముందే మొదలైంది. అప్పటికే సగానికి పైగా రాష్ట్రాలు సొంతంగా నిషేధం పెట్టుకున్నాయి, పైగా మొదటి ప్రపంచయుద్ధకాలపు ఆంక్షలు. కాబట్టి మొత్తం క్రెడిట్ 18వ సవరణకి ఇవ్వలేం.

ఇక విషం సంగతి. పరిశ్రమలకిచ్చే ఆల్కహాల్‌ని జనం తాగకుండా అందులో మిథనాల్ లాంటివి కలపడం 1906 నుంచే ఉంది. నిషేధం వచ్చాక దొంగలు దాన్ని శుద్ధి చేసి అమ్మడం మొదలెడితే, ప్రభుత్వం విషం పాలు ఇంకా పెంచింది. 1926 క్రిస్మస్‌కి న్యూయార్క్ ఆస్పత్రులకి పదులకొద్దీ జనం వచ్చిపడ్డారు, చాలామంది పోయారు. నగరం మెడికల్ ఎగ్జామినర్ చార్లెస్ నోరిస్ సర్కారునే బహిరంగంగా తప్పుపట్టాడు. యాంటీ సెలూన్ లీగ్ నాయకుడు వేన్ వీలర్ ఏమన్నాడంటే, ఆ ఆల్కహాల్ తాగేవాడు తెలిసి ఆత్మహత్య చేసుకుంటున్నట్టే అని. డాక్టర్‌గా ఆ మాట నాకు గొంతు దిగదు. 1930లో జమైకా జింజర్ అనే అల్లం టానిక్‌లో కల్తీ వల్ల వేలాదిమందికి కాళ్లు పడిపోయాయి. తాగినవాళ్లు ఎవరంటే, మంచి విస్కీ కొనుక్కోలేనివాళ్లు.

గుంటూరు ఘాటు:

చూశారా! సొంత జనానికి విషం పెట్టిన చట్టాన్ని మీరు "గెలుపు" అంటున్నారు.

పాతకాగితాలు:

విషం విషయంలో నా దగ్గర సమాధానం లేదు. వీలర్‌ని వెనకేసుకురాను. కానీ అది అమలులో జరిగిన పాపం. అడిగింది తాగుడు తగ్గిందా అని.

సీతాకోక:

మగాళ్లంతా కపోన్, పడవలు, పింట్లు. ఆడవాళ్ల మాట ఎవరూ ఎత్తరేంటి? ఈ ఉద్యమం మొదలెట్టిందే వాళ్లు. ఉమెన్స్ క్రిస్టియన్ టెంపరెన్స్ యూనియన్ 1874లో పుట్టింది. అప్పటికి ఆడవాళ్లకి ఓటు లేదు. తాగొచ్చి కొట్టే మొగుడి దగ్గర్నుంచి విడాకులు తెచ్చుకోవడం గగనం. ఇక మిగిలిన దారి ఆ కొట్టు మూయించడమే. కాన్సాస్‌లో కేరీ నేషన్ గొడ్డలి పట్టుకుని బార్లు పగలగొడితే పిచ్చిదని నవ్వారు. అసలు కాన్సాస్‌లో 1881 నుంచే నిషేధం. అంటే ఆవిడ పగలగొట్టినవన్నీ అధికారులు కళ్లు మూసుకుంటే నడుస్తున్న దొంగ కొట్లే! పోలీసులు చేయాల్సిన పని చేసి ఆవిడ జైలుకెళ్లింది.

మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించినప్పుడు నేను ఆరో తరగతి. అప్పుడూ నవ్వినవాళ్లున్నారు. అందుకే ఈ చరిత్ర చదివితే నాకు కపోన్ కంటే ముందు గొడ్డలే గుర్తొస్తుంది. అన్నట్టు ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం అమల్లోకి తెచ్చిన రోజు 1995 జనవరి 16. వాళ్ల సవరణ ఆమోదం పొందిన తేదీనే. కావాలని కాదులెండి.

గుంటూరు ఘాటు:

అక్కా, అది కూడా 1997లో ఎత్తేశారుగా. ఖజానా ఖాళీ అయిందని. అక్కడా అదే కథ.

ప్లీడరమ్మ:

ఖజానా అన్నారు చూశారా, నా ఉద్దేశంలో అసలు కీలు అక్కడే ఉంది. అమెరికా ప్రభుత్వం పుట్టినప్పటినుంచీ మద్యం పన్ను మీద కన్నేసింది. 1791లో విస్కీ మీద పన్ను వేస్తే పశ్చిమ పెన్సిల్వేనియా రైతులు తిరగబడ్డారు. 1794లో వాషింగ్టన్ దాదాపు 13 వేల సైన్యంతో బయల్దేరాల్సి వచ్చింది. అంతర్యుద్ధం ఖర్చుకి 1862లో మళ్లీ మద్యం పన్ను తెచ్చారు, అది ఉండిపోయింది. ఆ తర్వాత చాలా ఏళ్లు కేంద్ర ఆదాయంలో మూడో వంతు దాకా దాన్నుంచే. అలాంటి ప్రభుత్వం బంగారు గుడ్డు పెట్టే బాతుని కోసుకుంటుందా? 1913లో 16వ సవరణతో ఆదాయపు పన్ను వచ్చింది కాబట్టి ధైర్యం చేసింది. దానికితోడు 1917లో జర్మనీతో యుద్ధం. బీరు కంపెనీల యజమానులు చాలామంది జర్మన్ మూలాలవాళ్లు. పాబ్‌స్ట్, ష్లిట్జ్ పేర్లు చూడండి. బీరు తాగడమే దేశద్రోహం అన్నట్టు ప్రచారం చేశారు.

ఎత్తేసిందీ డబ్బు కోసమే. 1929 షేర్ మార్కెట్ పతనం తర్వాత ఆదాయపు పన్ను కుప్పకూలింది, నిరుద్యోగులు వీధుల్లో. 1933 ఏప్రిల్‌లో ముందు తేలిక బీరుని వదిలారు, డిసెంబర్ 5న యూటా 36వ రాష్ట్రంగా ఓటేయడంతో 21వ సవరణ పాసయింది. ఒక సవరణని రద్దు చేయడానికే ఇంకో సవరణ తేవడం అక్కడ అదొక్కసారే. ఆ ఆర్థికమాంద్యం రాకపోతే ఇంకో పదేళ్లు లాగేవాళ్లు. కాబట్టి ఫెయిలయి పోయిందా, డబ్బుల్లేక పోయిందా?

సీతాకోక గారికి ఒక చేర్పు. రద్దు ఉద్యమంలోనూ ఆడవాళ్లే ముందు. పాలీన్ సేబిన్ మొదట్లో నిషేధం వైపే ఉండేది. 1929లో రద్దు కోసం మహిళల సంఘం పెట్టింది. పిల్లల కోసమని తెచ్చిన చట్టం పిల్లలకి చట్టాన్ని లెక్కచేయకపోవడం నేర్పిందని ఆవిడ బాధ.

సీతాకోక:

సేబిన్ న్యూయార్క్ సొసైటీ లేడీ అండీ. సెలూన్లో మొగుడి జీతం పోగొట్టుకున్న ఇల్లాలు కాదు. కానీ ఆవిడ చెప్పిందాంట్లో తప్పు లేదు, అది కూడా ఒప్పుకుంటా.

డెట్రాయిట్ బావ:

కు క్లక్స్ క్లాన్, అదే నల్లవాళ్లనీ వలసవచ్చినవాళ్లనీ ద్వేషించే తెల్లజాతి ముఠా, దాని సంగతి ఎవరూ చెప్పలేదు. ఇల్లినాయ్‌లో విలియమ్‌సన్ కౌంటీ అనే బొగ్గుగనుల ప్రాంతం ఉంది. 1923–24లో అక్కడ కు క్లక్స్ క్లాన్ మనుషులే మద్యం సోదాలంటూ ఇటాలియన్ల ఇళ్ల మీద పడ్డారు. ఇంట్లో భోజనంతో పాటు ద్రాక్షసారా తాగడం వాళ్లకి తరతరాల అలవాటు. చట్టం చేతిలో పెడితే పట్టుకునేది ఎవరో కూడా చూసుకోవాలి మాస్టారూ.

పాతకాగితాలు:

బావా, ఇది గట్టి దెబ్బే. నా మొదటి పోస్టు సరిచేసుకుంటున్నా. తాగుడు తగ్గింది: నిలబడతా. పాత సెలూన్ పోయింది: నిలబడతా. దాన్ని "గెలుపు" అన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నా. ఎవరి గెలుపో చెప్పలేకపోతున్నా కాబట్టి.

గుంటూరు ఘాటు:

నేనూ ఒక మెట్టు దిగుతా. "ఇంకా ఎక్కువ తాగారు" అని ఇకమీదట అనను. ఫెయిలయిందని మాత్రం అంటా, చచ్చేదాకా.

కాలేయం డాక్టర్:

బావగారూ, ఒక్క అనుమానం. మీరు చూసిన విస్కీ చీటీలో జబ్బు పేరు ఉందా? చట్టప్రకారం డాక్టరు అది రాసిపెట్టుకోవాలి.

డెట్రాయిట్ బావ:

మీరడిగారని ఇవాళ ఆఫీసు నుంచి వస్తూ మళ్లీ వెళ్లా. కౌంటర్‌ఫాయిల్ కూడా చింపకుండా ఉంది, మొదటిసారి గమనించలేదు. జబ్బు దగ్గర "జలుబు" అని రాసుంది. తేదీ జులై 3. మర్నాడు వాళ్ల స్వాతంత్ర్య దినం.