దేశదిమ్మరి అంటే తిట్టేనా? ప్రవరుణ్ణి అడిగి చూద్దాం

గుంపులో పెద్దలకు నమస్కారం. ఒక తిట్టు గురించి అడగాలని వచ్చాను.

మొన్న ఆదివారం అమ్మమ్మతో ఫోన్లో మాట్లాడుతూ, ఈసారి సెలవులకి లద్దాఖ్‌లో హాన్లే అనే ఊరికి పోదామనుకుంటున్నానని చెప్పాను. "అక్కడ ఏం దేవుడే?" అంది. దేవుడు కాదు అమ్మమ్మా, చుక్కలు చూడ్డానికి, అక్కడ సుమారు 4,500 మీటర్ల ఎత్తున మనవాళ్ళ వేధశాల ఉంది, చుట్టుపక్కల పెద్ద ఊళ్ళు లేవు కాబట్టి లైట్ల వెలుతురుండదు, గాలిలో తేమ కూడా తక్కువే, రాత్రి పాలపుంత మామూలు కళ్ళకే తెల్లగా కనిపిస్తుందట, అని నేను ఊపిరి తిప్పుకోకుండా చెప్తూనే ఉన్నాను. అంతా విని, "చుక్కలు మన డాబా మీద లేవా? ఒట్టి దేశదిమ్మరివి తయారయ్యావే" అని ఫోన్ అమ్మకిచ్చేసింది.

పోయినేడు మా పెద్దమామయ్య అదే హిమాలయాల్లో పదిహేను రోజులు చార్‌ధామ్ తిరిగొస్తే ఇదే అమ్మమ్మ మా అందరిచేతా ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టించింది. కొండలు అవే, చలి అదే, ఖర్చు ఆయనది ఇంకా ఎక్కువ. ఆయన చేస్తే యాత్ర, నేను చేస్తే దిమ్మరితనం!

కోపం తగ్గాక మాట మీద పడ్డాను. ఈ "దిమ్మరి" ఏమిటి? ఇన్నాళ్ళూ నేను దిమ్మ తిరగడంలో దిమ్మ అనుకున్నాను. కాదు. త్రిమ్మరు అని పాత క్రియ ఉంది, తిరుగాడడం అని అర్థం. త్రిమ్మరేవాడు త్రిమ్మరి. అది దేశం పక్కన చేరి దేశద్రిమ్మరి అయింది, నోట్లో అరిగి దేశదిమ్మరి అయింది. అంటే దేశాలు తిరిగేవాడు. ఇందులో తిట్టేముంది?

అప్పుడు గుర్తొచ్చింది, ఈ క్రియ నేను బళ్ళో చదివిన పద్యంలోనే ఉంది. పెద్దన మనుచరిత్ర కావ్యంలో ప్రవరుడనే బ్రాహ్మణ గృహస్థు, ఇంటికొచ్చిన సిద్ధుణ్ణి, అంటే మహిమలున్న యోగిని, అడిగేది:

ఏయే దేశములం జరించితిరి? మీరేయే గిరుల్ సూచినా
రేయే తీర్థములందుఁ గ్రుంకిడితి? రేయే ద్వీపముల్ మెట్టినా
రేయే పుణ్యవనాళిఁ ద్రిమ్మరితి? రేయే తోయధుల్ డాసినా
రాయా చోటులఁ గల్గు వింతలు మహాత్మా! నాకెఱింగింపవే

మూడో పాదం చూడండి. "ద్రిమ్మరితిరి." మహాత్మా అని పిలుస్తూ, చేతులు కట్టుకుని నిలబడి, అదే నోటితో ఏయే అడవుల్లో దిమ్మరారు స్వామీ అంటున్నాడు! అప్పటికి అందులో తిట్టు లేదన్నమాట.

ఇంకోటి. పాదం చివర మాట తెగిపోయి కింది పాదంలోకి దూకుతుంది. చూచినా-రేయే, మెట్టినా-రేయే, డాసినా-రాయా. ఒక ప్రశ్న పూర్తి కాకముందే ఇంకోటి. ఊరెళ్ళొచ్చిన బాబాయిని గుమ్మంలోనే పట్టుకుని అడిగే పిల్లాడిలా ఉంటుంది చదువుతుంటే. ఆరు రకాల చోట్లకి ఆరు క్రియలు వాడాడు. దేశాల్లో చరిస్తారు, కొండల్ని చూస్తారు, తీర్థంలో క్రుంకుతారు (పొద్దు గుంకింది అంటామే, అదే క్రుంకు), ద్వీపాన్ని మెడతారు (మెట్టినిల్లులో మిగిలిన మెట్టు), అడవిలో త్రిమ్మరుతారు, సముద్రాన్ని డాస్తారు అంటే దగ్గరకి పోతారు. ఇప్పుడు మనం ఈ ఆరింటికీ కలిపి ఒక్క మాట వాడుతున్నాం: "కవర్ చేశాం". రెండ్రోజుల్లో ఊటీ కవర్ చేశాం.

అసలు ప్రవరుడి సంగతే కావాలి నాకు. ఇల్లు కదలడానికి లేదు. పొద్దున్నే నిత్యాగ్నిహోత్రం, ఇంట్లో ముసలి తల్లిదండ్రులు, రోజూ అతిథులు. కానీ తీర్థాలు తిరిగినవాళ్ళెవరో ఊళ్ళోకి వచ్చారని వింటే ఎంత దూరమైనా ఎదురెళ్ళి ఇంటికి తీసుకొస్తాడు, తిండి పెడతాడు, ఆ కొండ ఎక్కడ ఈ నది ఎక్కడ అని అడుగుతాడు, ఎన్ని యోజనాలో కనుక్కుంటాడు, పోవాలి చూడాలి అని నిట్టూరుస్తాడు. రాత్రి పన్నెండింటికి ఫోన్లో టికెట్ల ధరలు చూసి మూసేసే నాకూ ఆయనకీ తేడా ఏమిటో చెప్పండి.

కాళ్ళకి రాసుకుంటే కోరిన చోటికి పోగలిగే మందు సిద్ధుడు ఇచ్చి వెళ్ళాక ప్రవరుడు దేనికి బయల్దేరాడో పెద్దన కంద పద్యంలో చెప్పాడు. "ఆ మందిడి యతఁడరిగిన" అని మొదలవుతుంది, చివర్లో "నిరీక్షాపేక్షన్" అని ఉంటుంది. మంచుకొండ శిఖరాల మీది నల్లని మెత్తని అడవులు, బంగారం నిండిన గుహలు, సెలయేళ్ళు, వీటిని చూడాలన్న కోరికతో. ఆ వాక్యంలో పుణ్యం ఊసు లేదు, మోక్షం ఊసు లేదు. చూడాలి, అంతే! డ్రీమ్ డెస్టినేషన్‌కి తెలుగు మాట ఏమిటని ఇక్కడ నెలకోసారి ఎవరో ఒకరు అడుగుతుంటారు, స్వప్నగమ్యం అని ఒకాయన, కలలసీమ అని ఒకావిడ చెప్తుంటారు. చోటుకి పేరు నాకు తట్టలేదు గానీ ఆ కోరికకి పేరు మాత్రం ఇదిగో, దొరికింది: నిరీక్షాపేక్ష.

ఇప్పుడు చెప్పండి, దేశదిమ్మరి తిట్టెప్పుడయింది?

కరీంనగర్ తమ్ముడు: అక్కా, ఒక్క దిమ్మరేంది, తిరుగుడు మీద మన దగ్గరున్న మాటలన్నీ తిట్లే. తిరుగుబోతు. బలాదూర్ తిరుగుడు. గాలికి తిరుగుడు. కాలికి బలపం కట్టుకున్నవా? తిరిగే కాలు తిట్టే నోరు ఊకుండవు అని మా నాయిన రోజూ అంటడు.

నేను: నిజమే తమ్ముడూ. తిరుగుబోతులో ఆ "పోతు" చూశావా, అది చేరిందంటే మంచి మాట మిగలదు. తిండిపోతు, తాగుబోతు, సోమరిపోతు, పిరికిపోతు. ఆ వరసలో కూర్చోబెట్టారు తిరిగేవాణ్ణి.

రిటైరైన తెలుగు మాస్టారు, బందరు: అమ్మాయీ, పద్యం బాగా చదివావు గానీ సగం చదివావు. ముందుకి పోయి చూడు. కాళ్ళకి రాసిన మందు మంచునీళ్ళకి కరిగిపోయింది, ఇంటికి వచ్చే దారి లేదు, మధ్యాహ్నం హోమానికి వేళవుతోంది, అప్పుడు వరూధిని అనే అప్సరస కనబడితే ఏమన్నాడు? "త్రోవ తప్పితిం గ్రొవ్వున నిన్నగాగ్రమునకుం జనుదెంచి". క్రొవ్వున! కొవ్వెక్కి ఈ కొండ కొసకి వచ్చి దారి తప్పాను అంటున్నాడు. మీ అమ్మమ్మగారు అన్నదీ ఇదే కదా. పొద్దున నిరీక్షాపేక్ష, మధ్యాహ్నానికి కొవ్వు.

నేను: మాస్టారూ! ఈ మాట ఎన్నిసార్లు చదివానో, ఒక్కసారీ ఆగలేదు. ఆ పద్యంలో భీతహరిణేక్షణ, అదే బెదిరిన లేడి కళ్ళదానా అని ఆవిణ్ణి పిలిచే మాట, దాని దగ్గరే అందరం ఆగిపోతాం. అంటే తిట్టు ఎవరో బయటివాళ్ళు వేసింది కాదు, తిరిగినవాడే తనమీద వేసుకున్నాడు. నాకు తెలిసిన ఫీలింగే అది. పోయినసారి ఒక కొండ ఊళ్ళో బస్సు తప్పిపోయి, చార్జింగ్ అయిపోయి, చలిలో టీ కొట్టు బల్ల మీద కూర్చున్నప్పుడు నన్ను నేను సరిగ్గా ఇదే అనుకున్నాను, కాకపోతే చంపకమాలలోనో ఉత్పలమాలలోనో కాదు.

కరీంనగర్ తమ్ముడు: మాస్టారు చెప్పిన పద్యంల త్రోవ ఉంది, చివర్ల "తెఱవెద్ది" అని తెరువు గూడ ఉంది గద సార్. మా దగ్గర రెండూ ఇప్పటికీ మాట్లాడుతం. తొవ్వల కలిసిండు అంటం, నా తెరువు రాకు అంటం. మీ దిక్కు తెరువు బతుకుతెరువులనే మిగిలింది.

మాస్టారు: అవునోయ్. మా వైపు తోవ ఉంది గానీ తెరువు విడిగా నోట్లో లేదు. తెరువరి అంటే బాటసారి, అదీ పుస్తకాల్లోనే. త్రోవ తొవ్వయి మీకు దక్కింది.

డాలస్ నుంచి ఒకావిడ: కాలికి బలపం అన్నది కూడా ఆ సిద్ధుడి మందు నుంచే వచ్చి ఉంటుందా? కాళ్ళకి ఏదో పూసుకుంటే ఎక్కడికైనా పోవచ్చు అన్న కథ కదా.

నేను: అనుకోవడానికి బాగుందండీ, కానీ అది కాళ్ళకి పూసుకునే లేపనం, బలపం పలక మీద రాసే మెత్తని రాయి. పూసుకోవడం వేరు, కట్టుకోవడం వేరు, రెండిటికీ పొత్తు కుదరదు. బలపం కాలికి కడితే నడిచినంత మేరా గీత పడుతుంది కదా, ఆ బొమ్మే నాకు కనిపిస్తుంది ఆ మాట విన్నప్పుడల్లా. ఇప్పుడు ఫోన్ మ్యాప్‌లో మనం తిరిగిన దారి నీలం గీతగా వస్తుందే, అలాగ.

డాలస్ ఆవిడ: సరే, బలపం వదిలేశాను. కానీ నిరీక్షాపేక్ష అంటే వెయిట్ చేయాలన్న కోరిక అనుకున్నానండీ మొదట. నిరీక్షణ అంటే ఎదురుచూడడం కదా.

నేను: మీ తప్పు కాదు. సంస్కృతంలో నిరీక్షణ అంటే చూడడం. తెలుగులో అది ఎదురుచూడడం అయింది. ఎదురుచూపులో కూడా చూపే ఉంది కదా, గుమ్మంలో నిలబడి దారివైపు చూస్తుంటే అది చూడడమూ అవుతుంది, కాచుకోవడమూ అవుతుంది. ప్రవరుడికి మాత్రం మీ అర్థం కూడా సరిపోతుంది, ఎన్నేళ్ళు కాచుకున్నాడో పాపం.

మాస్టారు: ఏళ్ళంటే జ్ఞాపకం వచ్చింది. సిద్ధుడు కుర్రవాడిలా కనబడతాడు. ప్రవరుడికి అనుమానం. ఇవన్నీ చూసి రావాలంటే "నెఱకలు గట్టికొన్న మఱి యేండ్లును బూండ్లును బట్టు" అంటాడు. ఎఱకలంటే రెక్కలు. రెక్కలు కట్టుకున్నా ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది కదయ్యా అని. ఏళ్ళూ పూళ్ళూ అని మన ఇళ్ళలో ఇప్పటికీ అంటున్నామా లేదా? ఆర్టీసీ బస్సు గురించి అంటాం.

డాలస్ ఆవిడ: మా నాన్నగారు వీసా అపాయింట్‌మెంట్ గురించి అంటారు.

మాస్టారు: సిద్ధుడు చెప్పిన జాబితా కూడా చూడండి. కేదారేశుణ్ణి కొలిచాను, హింగుళా దేవి పాదాలకి మొక్కాను, ప్రయాగ, బదరీ అని నాలుగు చెప్పి, విసుగొచ్చినట్టు "ఈ యా దేశం బన నేల", ఆ దేశం ఈ దేశం అనడమెందుకు, అన్ని దిక్కులూ చూశాను పో అంటాడు. ఆ హింగుళ ఇప్పుడు పాకిస్తాన్‌లో బలూచిస్తాన్ కోస్తా దగ్గర ఉన్న హింగ్లాజ్. నాకు చిన్నప్పటి నుంచీ ఆ పేరంటే అదో మోజు. ఇప్పుడు నా పాస్‌పోర్టుతో కాలిమందు ఉన్నా పోలేను.

నేను: మాస్టారూ, మీరూ దిమ్మరులే అయితే.

మాస్టారు: కుర్చీలో కూర్చునే దిమ్మరిని. ఒక్క మాట, మీ అమ్మమ్మగారి తరాన్ని మరీ తప్పు పట్టకు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడు ఒకటే అన్న సామెత ఊరికే రాలేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒకరి భాష ఇంకొకరికి చెప్పే ఉద్యోగి, కోర్టులో సెలవు తీసుకుని, పరివారంతో 1830 మే 18న కాశీకి బయల్దేరితే తిరిగి ఇల్లు చేరింది 1831 సెప్టెంబరు 3న. పదిహేను నెలలు దాటింది. మజిలీ మజిలీకీ నీళ్ళెలా ఉన్నాయి, ఏ సరుకు దొరుకుతుంది, దారిలో ఎక్కడెక్కడ సుంకం కట్టాలి, అన్నీ రాసుకున్నాడు. అంత కష్టానికి ఊళ్ళోవాళ్ళకి చెప్పుకునే కారణం ఒకటి ఉండాలిగా. దేవుడికోసం అంటే నోరెత్తరు. కొండ చూడ్డానికి అంటే ఇంటి దీపం ఎవరు చూస్తారని అడుగుతారు.

నేను: ఆయన రాసింది కొంత చదివాను మాస్టారూ. తీర్థాల పుణ్యం కంటే ఏ ఊళ్ళో ఏం దొరుకుతుందన్న సంగతే నాకు ఎక్కువ కనబడింది. పేరుకి యాత్ర, కళ్ళు మాత్రం దిమ్మరివే, నా లెక్కలో. మా పెద్దమామయ్యా అంతే. కేదార్‌నాథ్ దర్శనం రెండు నిమిషాల్లో చెప్పి, గౌరీకుండ్ నుంచి ఎక్కిన పదహారు కిలోమీటర్ల గురించి, ఆ గుర్రాల గురించి, మబ్బు కిందనుంచి పైకి రావడం గురించి గంట చెప్పాడు.

కరీంనగర్ తమ్ముడు: మరి మాట సంగతి ఏం తేల్చినట్టు అక్కా? దేశదిమ్మరి తిట్టా కాదా?

నేను: ఇప్పటికైతే తిట్టే తమ్ముడూ. ప్రవరుడి క్రొవ్వు నుంచి అమ్మమ్మ ఫోన్ దాకా లెక్క కుదురుతోంది. కానీ క్రియని మాత్రం వెనక్కి తెచ్చుకోవచ్చనిపిస్తోంది. "మూడు రోజులు అరకులో దిమ్మరాం" అంటే ఎంత బావుంది! కవర్ చేశాం కంటే వెయ్యి రెట్లు నయం. నేనైతే వాడతాను, మీరు నవ్వినా సరే.

డాలస్ ఆవిడ: హాన్లేకి వెళ్తున్నారా ఇంతకీ? లేహ్‌లో రెండు రోజులైనా ఆగి వెళ్ళండి, అక్కడే 3,500 మీటర్లు, ఊపిరి అలవాటు కావాలి. సిద్ధుడి మందు దీనికి పనిచేయదు.

నేను: సెప్టెంబరుకి టికెట్లు తీసేశానండీ, ఆగుతాను లేహ్‌లో. నిన్న మళ్ళీ అమ్మమ్మకి ఫోన్ చేశాను. పద్యం వినిపిస్తే మెత్తబడుతుందేమో అనుకున్నా గానీ, రెండో పాదంలోనే "హోమం ఎగ్గొట్టినవాడి కథ నాకు చెప్పకు" అంది. ఇక లాభం లేదని హాన్లేలో పాత బౌద్ధ మఠం ఒకటుంది అమ్మమ్మా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బుద్ధుడూ దశావతారాల్లో ఉన్నవాడేగా, వెళ్ళిరా. స్వెట్టరు మరిచిపోకు. తీర్థం ఏమైనా ఇస్తే చిన్న సీసాలో పట్టుకురా" అంది.