ఫ్రెంచిలో రాసినవాళ్లకు రెండు అరలెందుకు?

పారిస్ పిల్ల: నా పీహెచ్‌డీ చివరికొచ్చింది. సెనెగల్, కాంగో రచయితల మీద. నేను పుస్తకాలు కొనే షాపులో కాంగోలో పుట్టిన ఆలాన్ మబాంకు "ఆఫ్రికా" అరలో ఉంటాడు. ఫ్రెంచిలోనూ రాసిన ఐర్లండ్ బెకెట్, చెక్ దేశపు కుందేరా మాత్రం దర్జాగా "ఫ్రెంచి సాహిత్యం" అరలో. "ఫ్రాంకోఫోన్" (ఫ్రాన్స్ బయటివాళ్లు ఫ్రెంచిలో రాసింది) అనే చీటీ వాళ్లకు అంటించరు. ఆ చీటీ కిందే ఉద్యోగం వెతుక్కోవాలా, చించేయాలా?

కాకినాడ కామ్రేడ్: చించేయ్. 2007 మార్చిలో లె మోండ్ పత్రికలో 44 మంది రచయితలు అడిగిందీ అదే: ఫ్రాంకోఫోనీ వద్దు, "ఫ్రెంచిలో ప్రపంచ సాహిత్యం" అనండని. మబాంకు, మరీజ్ కొండే, గ్లిసాన్ సంతకాలు పెట్టారు. అంతకుముందు ఏడాది ఫ్రాన్స్‌లో పెద్ద సాహిత్య బహుమతి గోంకూర్ న్యూయార్క్‌లో పుట్టిన జోనథన్ లిటెల్‌కు, మరో పెద్ద బహుమతి రెనోదో మబాంకుకు వచ్చాయి మరి!

పాతకాపు: సంతకాలు బాగానే ఉన్నాయి, జీతం ఎవరిచ్చారు? అమెరికా యూనివర్సిటీలు "ఫ్రెంచి, ఫ్రాంకోఫోన్" అని విభాగాలు పెట్టబట్టే ఈ సాహిత్యానికి కుర్చీ దొరికింది. కొండే కొలంబియాలో, అల్జీరియా రచయిత్రి అసియా జెబార్ న్యూయార్క్‌లో, మబాంకు లాస్ ఏంజెలెస్‌లో పాఠాలు చెప్పారు. పారిస్‌లోని పేరున్న విద్యాసంస్థ కొలేజ్ ద ఫ్రాన్స్ మబాంకును 2016లో పిలిచింది, అదీ ఒక్క ఏడాదికి. చీటీ చించితే ఆ పోస్టులూ పోతాయమ్మా.

పారిస్ పిల్ల: నా టెన్షన్ అదేనండీ. ఇక్కడ లెక్చరర్ పోస్టుకు ముందు జాతీయ యూనివర్సిటీల కౌన్సిల్ అర్హత ఇవ్వాలి, అదీ సబ్జెక్టు సెక్షన్ల వారీగా. 9వ సెక్షన్ ఫ్రెంచి సాహిత్యం, 10వది తులనాత్మక సాహిత్యం. సీనియర్లంతా "పదోది చూసుకో" అంటున్నారు. ఫ్రెంచిలో రాసిన నవలను దేనితో పోల్చాలి, ఫ్రెంచితోనా?

గోదారి గట్టు: మా తాతది యానాం. 1954 దాకా ఫ్రెంచివాళ్ల పాలనే. ఆయన నవల రాసుంటే ఏ అరలో పెట్టేవారో!

పాతకాపు: అర సంగతి సరే, కాలం చూడండి. 1921లో ఫ్రెంచి గయానా మూలాలున్న రెనే మరాన్‌కు గోంకూర్, మళ్లీ 2021లో సెనెగల్ నుంచి ఎంబుగార్ సార్‌కు. నూరేళ్లకోసారి వచ్చే ప్రైజును నమ్ముకుంటారా?

కాకినాడ కామ్రేడ్: తప్పు సార్. 1987లో మొరాకో బెన్ జెలూన్, 1992లో మార్టినిక్ షమ్వాజో ఉన్నారు.

పాతకాపు: సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. పోస్టుల మాట మాత్రం తీసుకోను. రెండు సెక్షన్లకూ దరఖాస్తు పెట్టొచ్చు కదమ్మా?

పారిస్ పిల్ల: పెట్టొచ్చండీ, పెడతాను కూడా. కానీ తొమ్మిదో సెక్షన్ ఫైలే ముందు రాస్తున్నాను. అందులో "ఫ్రాంకోఫోన్" అనే మాట ఇప్పటికి రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాశాను.